ఈవెంట్ తెచ్చేది కబురే, లెక్క కాదు

ఎక్సెల్‌లో ఈవెంట్ హ్యాండ్లర్ (సెల్ మారడం లాంటిది జరగగానే దానంతటది నడిచే కోడ్) రాయడం గురించి ఎవరు ఎక్కడ అడిగినా ఒకే సలహా వస్తుంది: మొదటి లైన్లో ఈవెంట్లను ఆపి తెరిచే స్విచ్ అయిన ఎనేబుల్‌ఈవెంట్స్‌ను ఫాల్స్ చెయ్యండి, చివరి లైన్లో ట్రూ చెయ్యండి. మొన్న మళ్లీ అదే సలహా కనబడింది. కింద ఓ పదిమంది దాకా "పనిచేసింది, థాంక్స్" అని రాశారు. పనిచేస్తుంది, నిజమే. సెల్‌లో రాస్తే ఛేంజ్ ఈవెంట్ లేస్తుంది, ఆ హ్యాండ్లర్ మళ్లీ సెల్‌లో రాస్తే ఇంకో ఛేంజ్ లేస్తుంది. అలా తనను తానే పిలుచుకునే చక్రాన్ని ఆ రెండు లైన్లూ ఆపుతాయి. అయితే అవి రాసేస్తే ఈవెంట్ల పని అయిపోయిందన్న ధీమా కూడా వాటితోపాటే వచ్చేస్తుంది. ఆ ధీమా మీదే నా అభ్యంతరం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆఫీస్ సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఈవెంట్‌ను కబురుగా తీసుకోవాలి, లెక్కగా తీసుకోకూడదు. "ఇక్కడేదో కదిలింది, వచ్చి చూడు" అన్నంతవరకే దాన్ని నమ్మాలి. ఏం మారింది, ఎంత మారింది, ఇప్పుడు ఏం చెయ్యాలి అన్నవి షీట్‌నో ఫోల్డర్‌నో డాక్యుమెంట్‌నో నేరుగా అడిగి తేల్చుకోవాలి. హ్యాండ్లర్ ఎంత చిన్నదైతే అంత మంచిది. అసలు పని చేసే ఫంక్షన్ వేరుగా ఉండాలి. ఈవెంట్ వచ్చినా రాకపోయినా, ఒకసారి పిలిచినా నాలుగుసార్లు పిలిచినా అది అదే ఫలితం ఇవ్వాలి.

తేదీ కాలమ్ కథ

అందరూ మొదట రాసే హ్యాండ్లర్ ఒకటుంది. రెండో కాలమ్‌లో స్టేటస్ మారితే పక్కనున్న మూడో కాలమ్‌లో ఈరోజు తేదీ పడాలి. వర్క్‌షీట్_ఛేంజ్‌లో టార్గెట్ (అంటే మారిన సెల్) కాలమ్ 2 అవునో కాదో చూస్తారు, ఈవెంట్లు ఆపేస్తారు, టార్గెట్ వాల్యూ "పూర్తి" అయితే పక్క సెల్‌లో తేదీ రాస్తారు, ఈవెంట్లు మళ్లీ తెరుస్తారు. ఒక్కో సెల్‌లో టైప్ చేసి చూస్తే చక్కగా నడుస్తుంది.

ఒకరోజు ఎవరో వేరే షీట్ నుంచి 200 వరుసలు కాపీ చేసి ఆ కాలమ్‌లో పేస్ట్ చేస్తారు. అప్పుడు 200 ఈవెంట్లు రావు, ఒకటే వస్తుంది. టార్గెట్ 200 సెళ్ల రేంజ్ అవుతుంది, దాని వాల్యూ ఒక అర్రే, అంటే విలువల పట్టిక, అవుతుంది. అర్రేని "పూర్తి" అన్న మాటతో పోల్చగానే ఎర్రర్ 13, టైప్ మిస్‌మ్యాచ్. డైలాగ్‌లో ఎండ్ నొక్కేసి పనిలో పడతారు. కోడ్ చివరి లైన్ దాకా చేరలేదు కాబట్టి ఎనేబుల్‌ఈవెంట్స్ ఫాల్స్‌గానే ఉండిపోయింది. హెచ్చరిక డైలాగ్‌లను ఆపే డిస్‌ప్లేఅలర్ట్స్‌ను వీబీఏ (ఆఫీస్ మాక్రోలు రాసే భాష) కోడ్ ముగియగానే ఎక్సెల్ తానే ట్రూకి తెచ్చుకుంటుంది. ఎనేబుల్‌ఈవెంట్స్‌కు అలాంటి అలవాటు లేదు. ఎవరో ఒకరు ట్రూ చేసేదాకా, లేదా ఎక్సెల్ మూసి తెరిచేదాకా అలాగే ఉంటుంది.

పైగా అది ఒక్క వర్క్‌బుక్‌కు పరిమితమైన స్విచ్ కాదు, అప్లికేషన్ మొత్తానిది. ఆ ఎక్సెల్‌లో తెరిచి ఉన్న ప్రతి వర్క్‌బుక్‌లోనూ, ప్రతి యాడ్-ఇన్‌లోనూ ఈవెంట్లు మూగబోతాయి. ఎర్రర్ సందేశం ఏదీ రాదు. సాయంత్రానికి ఎవరో "ఇంకో ఫైల్లో వాలిడేషన్ పనిచెయ్యట్లేదు" అంటారు. ఆ ఇంకో ఫైల్ కోడ్‌ను ఎంత వెతికినా తప్పు దొరకదు, ఎందుకంటే తప్పు అందులో లేదు.

దీని బాగుచేత తెలిసిందే అయినా వివరాల్లోనే చాలామంది జారుతున్నారు. ఆన్ ఎర్రర్ గోటూతో ఒకే బయటి ద్వారం పెట్టుకోవాలి, స్విచ్‌ను అక్కడే వెనక్కి తిప్పాలి. వెనక్కి తిప్పడమంటే ట్రూ చెయ్యడం కాదు. లోపలికి వచ్చినప్పుడు ఏ విలువ ఉందో దాన్ని ఒక వేరియబుల్‌లో దాచుకుని అదే తిరిగి పెట్టాలి. ఈ తేడా చిన్నది కాదు. బయటి ప్రొసీజర్ ఈవెంట్లు ఆపి, మధ్యలో లోపలి ప్రొసీజర్‌ను పిలుస్తుంది. ఆ లోపలిది పని ముగించి మర్యాదగా ట్రూ చేసేస్తుంది. ఈవెంట్లు ఆగే ఉన్నాయన్న నమ్మకంతో బయటిది మిగతా సగం పని చేస్తుంది. ఈ రకం తప్పు రెండు ప్రొసీజర్లనూ విడివిడిగా పరీక్షిస్తే ఎప్పటికీ బయటపడదు.

ఇక టార్గెట్ సంగతి. ఇంటర్‌సెక్ట్‌తో టార్గెట్‌ను మనకు కావాల్సిన కాలమ్‌కూ, యూజ్డ్‌రేంజ్‌కూ (షీట్‌లో వాడిన భాగం) ఉమ్మడిగా ఉన్నంత మేరకు కత్తిరించుకోవాలి. ఫలితం నథింగ్, అంటే ఏమీ మిగలకపోతే, అక్కడికక్కడే వెళ్లిపోవాలి. యూజ్డ్‌రేంజ్ ఎందుకంటే, ఎవరైనా కాలమ్ మొత్తం ఎంచుకుని డిలీట్ నొక్కితే టార్గెట్‌లో 10,48,576 సెళ్లుంటాయి, వాటన్నిటి మీదా లూప్ తిరిగితే ఎక్సెల్ స్తంభించిపోతుంది. షీట్ మొత్తం ఎంచుకుంటే 1,717 కోట్లకు పైగా సెళ్లు. లాంగ్ అనే పూర్ణసంఖ్యల టైపు పట్టగలిగేది 214 కోట్ల చిల్లరే కాబట్టి టార్గెట్.కౌంట్ దగ్గరే ఎర్రర్ 6, ఓవర్‌ఫ్లో. ఎక్సెల్ 2007 నుంచి ఉన్న కౌంట్‌లార్జ్ వాడితే ఆ బెడద లేదు.

ఇంత చెప్పినా తేదీ కాలమ్ సమస్య పూర్తిగా తీరలేదని గమనించాలి. ఈవెంట్లు ఆగిపోయిన ఆ సగం రోజులో మారిన వరుసలకు తేదీలు పడలేదు, ఇకమీదట పడవు కూడా. హ్యాండ్లర్‌లోనే లెక్క పెట్టుకున్న ప్రతి చోటా ఇదే గతి. అదే "స్టేటస్ పూర్తి, తేదీ ఖాళీ" అయిన వరుసలను వెతికి నింపే ఫంక్షన్ విడిగా ఉందనుకోండి. ఈవెంట్ దాన్ని పిలుస్తుంది, ఫైల్ తెరిచినప్పుడు వర్క్‌బుక్_ఓపెన్ పిలుస్తుంది, కావాలంటే ఒక బటన్ కూడా పిలుస్తుంది. ఆలస్యంగా నిండిన తేదీ ఒకటి రెండు రోజులు అటూ ఇటూ కావచ్చు, ఆ సంగతి వేరే రంగుతో సూచించవచ్చు. ఖాళీగా మిగిలిపోవడం కంటే అదే నయం.

ఈ ఎక్సెల్ ఎవరిది?

ఎనేబుల్‌ఈవెంట్స్‌ను అసలు ముట్టుకోవద్దని నేననను. ముట్టుకునే ముందు ఆ ఎక్సెల్ ఎవరిదో తేల్చుకోవాలి.

పైథాన్ నుంచి డిస్పాచ్‌ఎక్స్‌తో కొత్త ఎక్సెల్ ప్రాసెస్ తెరిచి, అందులో ఫైళ్లు నింపి, సేవ్ చేసి మూసేస్తే ఆ ఎక్సెల్ పూర్తిగా మనది. అందులో మొదటి లైన్లోనే ఈవెంట్లు ఆపేయడం సబబు. చాలామంది మరిచిపోయే ఇంకో స్విచ్ కూడా అక్కడే ఉంది: ఆటోమేషన్‌సెక్యూరిటీ. కోడ్ ద్వారా ఫైల్ తెరిస్తే మామూలుగా ఇది లో స్థాయిలో, అంటే 1లో ఉంటుంది. వర్క్‌బుక్‌లో మాక్రోలుంటే వాడుకరిని అడగకుండానే అనుమతి దొరికినట్టు లెక్క. ఎవరో పంపిన ఫైల్లోని వర్క్‌బుక్_ఓపెన్ మన రాత్రి జాబ్‌లో నిశ్శబ్దంగా నడిచిపోతుంది. అది ఒక మెసేజ్‌బాక్స్ చూపించిందంటే, నొక్కడానికి ఎవరూ లేని స్క్రీన్ ముందు ఆ జాబ్ తెల్లవార్లూ నిలబడిపోతుంది. అందుకే ఓపెన్ పిలవకముందే దాన్ని 3కి, అంటే ఫోర్స్‌డిజేబుల్‌కి మార్చాలి. పాత తరహా ఆటో_ఓపెన్ మాక్రోలకు ఈ భయం లేదు. కోడ్‌తో తెరిచినప్పుడు రన్‌ఆటోమాక్రోస్ అని మనం అడిగితే తప్ప అవి నడవవు. వర్క్‌బుక్_ఓపెన్ అలా కాదు.

వాడుకరి ముందే తెరుచుకున్న ఎక్సెల్‌కు గెట్‌యాక్టివ్‌ఆబ్జెక్ట్‌తో తగులుకుంటే మాత్రం ఆ స్విచ్ మనది కాదు. అవుట్‌లుక్, పవర్‌పాయింట్ ఎప్పుడూ ఒకే ప్రాసెస్‌గా నడుస్తాయి, కాబట్టి వాటి విషయంలో మనం ఎప్పుడూ అతిథులమే. ఇలాంటిచోట మన కోడ్ రాస్తున్న మార్పులకు మన హ్యాండ్లర్ స్పందించకూడదంటే మన మాడ్యూల్‌లోనే ఒక బూలియన్ ఫ్లాగ్ చాలు. రాయడానికి ముందు అది ట్రూ, రాశాక ఫాల్స్, హ్యాండ్లర్ మొదటి లైన్లో దాన్ని చూడటం. మిగతావాళ్ల ఈవెంట్లు మిగతావాళ్లకు అందుతాయి. వర్డ్‌లోనైతే ఎనేబుల్‌ఈవెంట్స్ అనే ప్రాపర్టీయే లేదు, అక్కడ ఈ ఫ్లాగ్ తప్ప గత్యంతరం లేదు.

దీనికి ఒక ఎదురువాదం ఉంది, గట్టిదే. ఫ్లాగ్ పెట్టుకుంటే మన హ్యాండ్లర్ ఊరుకుంటుంది గానీ, 5,000 సెళ్లు రాస్తున్నప్పుడు వాడుకరి దగ్గరున్న మూడు యాడ్-ఇన్‌లు 5,000 సార్లు లేస్తాయి, పని నత్తనడక నడుస్తుంది అంటారు. ఒప్పుకుంటాను. కానీ ఆ నత్తనడకకు మొదటి కారణం ఒక్కో సెల్ విడివిడిగా రాయడం. విలువలన్నీ రెండు డైమెన్షన్ల అర్రేలో నింపి రేంజ్.వాల్యూకు ఒక్కసారి అప్పగిస్తే ఛేంజ్ ఈవెంట్ ఒక్కటే వస్తుంది. ప్రాసెస్ బయటి నుంచి రాసేటప్పుడు ప్రతి కాల్‌కూ రానూపోనూ ఖర్చుంటుంది కాబట్టి వేగం కూడా ఊహించనంత పెరుగుతుంది. అప్పటికీ చాలకపోతే అప్పుడు ఆపండి, దాచుకున్న విలువ తిరిగి పెట్టే షరతు మీద.

వినేవాడు బతికి ఉండాలి

ఈవెంట్లు "మొదట వచ్చాయి, తర్వాత రావడం లేదు" అన్న ఫిర్యాదు వింటే నేను కోడ్ చూడకముందే వేరియబుల్ ఎక్కడ ప్రకటించారని అడుగుతాను.

కామ్‌లో (బయటి కోడ్, ఆఫీస్ అప్లికేషన్లు మాట్లాడుకునే విండోస్ పద్ధతి) ఈవెంట్ వినడం అంటే మన ఆబ్జెక్ట్ ఒకదాన్ని, దాన్నే సింక్ అంటారు, అప్లికేషన్ కనెక్షన్ పాయింట్‌కు అడ్వైజ్ ద్వారా అప్పగించడం. అది ఒక కుకీ సంఖ్య ఇస్తుంది, వద్దనుకున్నప్పుడు అదే సంఖ్యతో అన్‌అడ్వైజ్ చెయ్యాలి. వీబీఏలో విత్‌ఈవెంట్స్, డాట్‌నెట్‌లో ప్లస్-ఈక్వల్స్, పైథాన్ లైబ్రరీ పైవిన్32లో డిస్పాచ్‌విత్‌ఈవెంట్స్, అన్నీ లోపల చేసేది ఇదే. ఈ తీగలో ఏ కొస తెగినా ఎవరూ చెప్పరు.

వీబీఏలో విత్‌ఈవెంట్స్ వేరియబుల్ క్లాస్ మాడ్యూల్‌లోనో, దిస్‌వర్క్‌బుక్ లాంటి ఆబ్జెక్ట్ మాడ్యూల్‌లోనో ఉండాలి. ఆ క్లాస్ ఇన్‌స్టెన్స్‌ను మాడ్యూల్ స్థాయి వేరియబుల్ పట్టుకుని ఉండాలి. ప్రొసీజర్ లోపల డిమ్‌తో ప్రకటిస్తే ఎండ్‌సబ్‌తో అది పోతుంది. సరిగ్గానే పెట్టారనుకుందాం. ఎక్కడో సంబంధం లేని మాక్రోలో ఎర్రర్ వచ్చి ఎండ్ నొక్కితే ప్రాజెక్ట్ రీసెట్ అవుతుంది, మాడ్యూల్ వేరియబుళ్లన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. షీట్ మాడ్యూల్‌లో రాసిన వర్క్‌షీట్_ఛేంజ్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. సగం ఈవెంట్లు వస్తూ సగం రాకపోవడంతో మనిషికి పిచ్చెక్కుతుంది. రిబ్బన్ బటన్ నుంచి గానీ షీట్ ఈవెంట్ నుంచి గానీ లోపలికి వచ్చిన ప్రతిసారీ "సింక్ నథింగ్ అయితే మళ్లీ కట్టు" అనే చిన్న ప్రొసీజర్‌ను పిలవడం దీనికి మందు.

పవర్‌పాయింట్‌లో దిస్‌వర్క్‌బుక్ లాంటి ఆబ్జెక్ట్ మాడ్యూలే ఉండదు. అప్లికేషన్ ఈవెంట్లు వినాలంటే క్లాస్ రాసుకుని, దాన్ని యాడ్-ఇన్‌లోని ఆటో_ఓపెన్ నుంచి కట్టాలి. మామూలు ప్రెజెంటేషన్‌లో పెట్టిన ఆటో_ఓపెన్ దానంతటది నడవదు. ఇది తెలియక గంటలు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది.

డాట్‌నెట్‌లో చిక్కు ఇంకో రూపంలో వస్తుంది. అవుట్‌లుక్ ఫోల్డర్ ఐటమ్స్ కలెక్షన్‌కు ఒక లోకల్ వేరియబుల్ ద్వారా ఐటమ్‌యాడ్ (కొత్త ఐటమ్ చేరితే వచ్చే ఈవెంట్) కట్టేస్తారు. పరీక్షలో పనిచేస్తుంది. కాసేపటికి వాడని మెమరీని తుడిచే గార్బేజ్ కలెక్టర్ వచ్చి, కామ్ ఆబ్జెక్ట్‌ను చుట్టి ఉంచి ఎవరూ పట్టుకోని ఆ రేపర్‌ను ఊడ్చేస్తుంది, దానితోపాటు మన సింక్ కూడా పోతుంది. కలెక్టర్ ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు కాబట్టి ఒక మెషీన్‌లో ఐదు నిమిషాలు, ఇంకోదాంట్లో రెండు గంటలు. క్లాస్ ఫీల్డ్‌లో పెట్టుకుంటే సమస్య ఉండదు. వర్డ్‌లో క్విట్ అనే పేరు మెథడ్‌కూ ఉంది, ఈవెంట్‌కూ ఉంది. కంపైలర్ తికమకపడితే ఆబ్జెక్ట్‌ను అప్లికేషన్‌ఈవెంట్స్4_ఈవెంట్ ఇంటర్‌ఫేస్‌కు క్యాస్ట్ చేసి అప్పుడు కట్టాలి.

పని మధ్యలో వచ్చే పిలుపు

బయటి ప్రాసెస్ నుంచి ఆటోమేట్ చేసేవాళ్లు ఎక్కువగా పొరబడే చోటు ఇది. అందుకే ఇక్కడ కొంచెం నిదానంగా చెప్తాను.

సింగిల్ థ్రెడ్ అపార్ట్‌మెంట్ (పిలుపులన్నీ ఒకే థ్రెడ్ మీద నడిచే కామ్ ఏర్పాటు)లో ఉన్న మన థ్రెడ్‌కు కామ్ పిలుపులు విండోస్ మెసేజ్‌ల రూపంలో వస్తాయి. పైథాన్ స్క్రిప్ట్ ఈవెంట్లు కట్టి, స్లీప్ 60 అని పడుకుందనుకోండి. ఆ నిమిషంలో వాడుకరి సెల్‌లో ఏదో టైప్ చేస్తాడు. ఎక్సెల్ మన సింక్‌ను పిలుస్తుంది, జవాబు కోసం ఆగుతుంది. మనం నిద్రలో ఉన్నాం. వాడుకరి ఎక్సెల్ బిగుసుకుపోతుంది. వేరే అప్లికేషన్ ఓఎల్ఈ పని ముగించాలని ఎదురుచూస్తున్నట్టు ఒక డైలాగ్ కూడా ఎక్సెల్ చూపించవచ్చు. మన స్క్రిప్ట్ వల్లే ఇలా జరిగిందని ఆ వాడుకరికి తెలిసే దారి లేదు. అందుకే లూప్‌లో, వేచి ఉన్న మెసేజ్‌లను అందుకునే పంప్‌వెయిటింగ్‌మెసేజెస్ పిలుస్తూ, మధ్యలో 0.05 నుంచి 0.1 సెకను మాత్రమే పడుకోవాలి.

రెండోది ఇంకా సూక్ష్మం. మనం ఎక్సెల్‌లో ఒక సెల్ రాస్తున్నాం, ఆ అసైన్‌మెంట్ లైన్ ఇంకా పూర్తి కాలేదు. ఆ రాత వల్లే షీట్‌ఛేంజ్ లేచి, మన హ్యాండ్లర్ అదే థ్రెడ్ మీద ఆ లైన్ లోపలే నడుస్తుంది. మన లూప్ ఒక లిస్ట్ మీద తిరుగుతూ ఉంటే, హ్యాండ్లర్ అదే లిస్ట్‌ను మార్చేయగలదు. సింగిల్ థ్రెడ్ కదా అని లాక్‌లు అక్కర్లేదనుకుంటాం. నిజానికి లాక్ పెట్టినా లాభం లేదు, ఎందుకంటే ఇద్దరూ ఒకే థ్రెడ్.

కాబట్టి హ్యాండ్లర్ చేయాల్సింది రెండే పనులు: షీట్ పేరు, టార్గెట్ అడ్రస్ స్ట్రింగ్‌గా తీసుకుని క్యూలో వెయ్యడం, తిరిగి వెళ్లిపోవడం. రేంజ్ ఆబ్జెక్ట్‌ను క్యూలో దాచవద్దు. మనం తీసి చూసేసరికి ఆ షీట్ ఉండకపోవచ్చు. హ్యాండ్లర్ కోడంతటినీ ట్రై-ఎక్సెప్ట్‌లో చుట్టి లాగ్ ఫైల్‌కు రాయాలి. అక్కడ లేచిన ఎక్సెప్షన్ మన మెయిన్ లూప్ దాకా రాదు, కన్సోల్ లేని స్క్రిప్ట్‌లోనైతే కంటికి కూడా కనబడదు.

ఇక్కడ నా వాదనకే అడ్డం పడే విషయం ఒకటుంది, దాచను. హ్యాండ్లర్ లోపల ఉన్నప్పుడు ఎక్సెల్ మన మాట వినే స్థితిలో ఉంటుంది. వాయిదా వేసి తర్వాత అడిగితే అప్పటికి వాడుకరి ఇంకో సెల్‌లో టైప్ చేస్తూ ఉండవచ్చు. సెల్ ఎడిట్‌లో ఉండగా ఎక్సెల్ బయటి పిలుపులను తిప్పికొడుతుంది. పైథాన్‌లో అది -2147418111గానో, -2146777998గానో కనిపిస్తుంది. వర్డ్ లాంటివి తీరిక లేనప్పుడు -2147417846 కూడా వస్తుంది. కాబట్టి వాయిదా పద్ధతి ఎంచుకున్నవాళ్లు మళ్లీ ప్రయత్నించే కోడ్ కూడా రాసి తీరాలి. క్యూలోంచి తీసేది పని ముగిశాకే, ముందు కాదు. పావు సెకను ఆగి, తర్వాత అర సెకను, ఒక సెకను అలా పెంచుకుంటూ పోవాలి. డాట్‌నెట్‌లో ఐమెసేజ్‌ఫిల్టర్ రిజిస్టర్ చేస్తే -2147418111 లాంటి తిరస్కారాలను అది చూసుకుంటుంది. రీట్రైరిజెక్టెడ్‌కాల్ నుంచి 100 లేదా అంతకన్నా పెద్ద సంఖ్య తిరిగిస్తే అన్ని మిల్లీసెకన్లు ఆగి మళ్లీ పిలుస్తుంది, -1 ఇస్తే వదిలేస్తుంది. అయితే -2146777998 ఎక్సెల్ సొంత ఎర్రర్, దాన్ని ఆ ఫిల్టర్ పట్టుకోదు, మన కోడే పట్టుకోవాలి.

ఈ అదనపు శ్రమ దండగ కాదా అంటే, కాదనే నా నమ్మకం. హ్యాండ్లర్‌లోనే మూడు సెకన్ల పని పెట్టుకుంటే వాడుకరి ప్రతి ఎంటర్‌కూ మూడు సెకన్లు ఆగాలి. మన కోడ్ సులువు కోసం అతని చేతులు కట్టేయడం న్యాయం కాదు.

వీబీఏ లోపలే వాయిదా వేయాలంటే అప్లికేషన్.ఆన్‌టైమ్‌కు నౌ ఇచ్చి ప్రొసీజర్ పేరు ఇస్తే సరిపోతుంది, ఎక్సెల్‌కు తీరిక దొరకగానే నడుస్తుంది. అందులో ఒక ముల్లుంది. రాబోయే సమయానికి పెట్టిన ఆన్‌టైమ్ మిగిలి ఉండగా వర్క్‌బుక్ మూసేస్తే, ఆ సమయానికి ఎక్సెల్ ఆ ఫైల్‌ను మళ్లీ తెరుస్తుంది. మూసేముందు షెడ్యూల్ ఫాల్స్‌తో రద్దు చెయ్యాలి, అదీ పెట్టినప్పటి సమయం అక్షరాలా అదే ఇచ్చి. అందుకని ఆ సమయాన్ని వేరియబుల్‌లో దాచుకోక తప్పదు.

వాయిదా కుదరని చోటు

బిఫోర్ అని మొదలయ్యే ఈవెంట్లు నా వాదనకు లొంగవు. బిఫోర్‌సేవ్, బిఫోర్‌క్లోజ్, బిఫోర్‌ప్రింట్, అవుట్‌లుక్‌లో ఐటమ్‌సెండ్: వీటిలో క్యాన్సిల్ అనే పారామీటర్ ఉంటుంది, జవాబు అక్కడికక్కడే చెప్పాలి. క్యూలో వేసి తర్వాత ఆలోచిస్తానంటే మెయిల్ వెళ్లిపోతుంది. పైవిన్32లో ఈ క్యాన్సిల్ మామూలు పారామీటర్‌గా కనిపిస్తుంది గానీ దానికి విలువ ఇస్తే ఏమీ జరగదు. హ్యాండ్లర్ రిటర్న్ చేసిన విలువే అందులోకి వెళ్తుంది, కాబట్టి ఆపాలంటే ట్రూ రిటర్న్ చెయ్యాలి.

ఇక్కడ కూడా ఒక నియమం పెట్టుకోవచ్చు: నిర్ణయం మాత్రమే తీసుకో, పని చేయకు. బిఫోర్‌క్లోజ్‌ను చూడండి. మూసేముందు మెనూలు తీసేయడం, కనెక్షన్లు తెంచడం చాలామంది అందులో రాస్తారు. కానీ ఎక్సెల్ "మార్పులు సేవ్ చెయ్యమంటారా" అని అడిగేది బిఫోర్‌క్లోజ్ తర్వాత. అక్కడ వాడుకరి క్యాన్సిల్ నొక్కితే వర్క్‌బుక్ తెరిచే ఉంటుంది, మెనూలు మాత్రం పోయి ఉంటాయి. పేరులోనే ఉంది, ఇది మూయబోయే ముందటి కబురు, మూసేశారన్న కబురు కాదు. వర్క్‌బుక్ సేవ్డ్ ప్రాపర్టీ చూసి ఆ ప్రశ్నను మనమే అడగడం ఒక దారి. శుభ్రం చేసే పనిని డీయాక్టివేట్‌లో పెట్టి, తిరిగి యాక్టివేట్‌లో కట్టుకోవడం ఇంకో దారి. నాకు రెండోదే నచ్చుతుంది, పొరపాటున జరిగినా సర్దుకుంటుంది కాబట్టి.

సేవ్ విషయంలో ఎక్సెల్ 2010 నుంచి ఆఫ్టర్‌సేవ్ ఉంది, సక్సెస్ అనే పారామీటర్‌తో. "సేవ్ అయింది" అని లాగ్ రాయాల్సింది అందులో, బిఫోర్‌సేవ్‌లో కాదు. క్లౌడ్‌లోని ఫైళ్లకు ఆటోసేవ్ వచ్చాక ఈ రెండూ ఇదివరకటికంటే చాలా తరచుగా లేస్తున్నాయి. సేవ్ అంటే వాడుకరి ఆలోచించి నొక్కిన బటన్ అనుకుని బిఫోర్‌సేవ్‌లో డైలాగ్ చూపించే పాత కోడ్ ఇప్పుడు అతన్ని వేధిస్తుంది. ఆఫ్టర్‌సేవ్‌లో ఒక సెల్‌లో సమయం రాసే కోడ్ ఇంకా ప్రమాదం: రాయగానే ఫైల్ మళ్లీ మారినట్టవుతుంది, మళ్లీ సేవ్, మళ్లీ రాత.

కబురే రాని చోట

ఈవెంట్ వస్తే ఏదో కదిలినట్టే. ఈవెంట్ రాలేదు కాబట్టి ఏదీ మారలేదనుకోవడం మాత్రం తప్పు.

ఫార్ములా ఫలితం మారితే వర్క్‌షీట్_ఛేంజ్ రాదు. దానికి కాలిక్యులేట్ ఉంది, కానీ ఏ సెల్ మారిందో అది చెప్పదు. సెల్ రంగు మారిస్తే ఏ ఈవెంటూ లేదు. ఫిల్టర్ మార్చినా వీబీఏకు నేరుగా కబురు లేదు. వరుస డిలీట్ చేస్తే ఛేంజ్ వస్తుంది, అయితే టార్గెట్ చూపించేది పోయిన వరుసను కాదు, దాని స్థానంలోకి పైకి జరిగిన వరుసను. అందులోని విలువలు చదివి "ఇవి డిలీట్ అయ్యాయి" అని రాసే లాగ్ అబద్ధం చెబుతుంది. వర్డ్‌లో అక్షరం టైప్ చేస్తే లేచే ఈవెంట్ లేనే లేదు.

అన్నిటికన్నా స్పష్టమైన ఉదాహరణ అవుట్‌లుక్ ఐటమ్‌యాడ్. ఫోల్డర్‌లోకి ఒక్కసారిగా ఎక్కువ ఐటమ్‌లు చేరితే ఈ ఈవెంట్ రాదని దాని డాక్యుమెంటేషనే చెబుతోంది. ఉదయం అవుట్‌లుక్ తెరవగానే రాత్రి మెయిళ్లన్నీ గుంపుగా దిగుతాయి, అంటే సరిగ్గా ఎక్కువ పని ఉన్నప్పుడే కబురు తప్పుతుంది. ఇన్వాయిస్ అటాచ్‌మెంట్లు సేవ్ చేసే కోడ్ ఐటమ్‌యాడ్‌నే నమ్ముకుంటే అప్పుడప్పుడు కొన్ని ఇన్వాయిస్‌లు మాయమవుతాయి. అలా కాకుండా చూసేసిన మెయిల్‌కు ఒక కేటగిరీ పెట్టి, ఆ కేటగిరీ లేనివాటిని ఫోల్డర్‌లో వెతికి పని చేసే ఫంక్షన్ రాయాలి. అది మొదలవగానే ఒకసారి, తర్వాత పది నిమిషాలకొకసారి, ఐటమ్‌యాడ్ వచ్చినప్పుడల్లా ఒకసారి నడవాలి. అప్పుడు ఈవెంట్ పని ఆలస్యాన్ని తగ్గించడమే. అది తప్పిపోతే పది నిమిషాలు పోతాయి గానీ ఇన్వాయిస్ పోదు.

ప్రతిసారీ మొత్తం వెతకడం ఖరీదు కదా అనవచ్చు. రెండు లక్షల వరుసల షీట్‌లో ప్రతి ఎంటర్‌కూ అంతా చదవమని నేననడం లేదు. ఈవెంట్ చెప్పిన అడ్రస్‌ను ఎక్కడ ముందు చూడాలో చెప్పే సూచనగా వాడుకోండి, పూర్తి తనిఖీ ఫైల్ తెరిచినప్పుడో సేవ్ అయ్యాకో జరగనివ్వండి.

నిజంగా కష్టం తెచ్చేది మార్పుల చరిత్ర. ఏ సెల్‌లో పాత విలువ ఎంత, కొత్త విలువ ఎంత అని రాసుకోవాలంటే ఛేంజ్ పాత విలువ ఇవ్వదు. సెలెక్షన్‌ఛేంజ్‌లో ముందే పట్టుకునే చిట్కా పేస్ట్ దగ్గర విఫలమవుతుంది, ఎందుకంటే ఒక్క సెల్ ఎంచుకుని వంద సెళ్లలోకి పేస్ట్ చేయవచ్చు. హ్యాండ్లర్‌లో అన్‌డూ చేసి పాతది చదివి, కొత్తది తిరిగి రాసే చిట్కా నడుస్తుంది గానీ, కోడ్ షీట్‌ను మార్చగానే వాడుకరి అన్‌డూ జాబితా ఖాళీ అయిపోతుంది. ఇక్కడ లెక్కంతా ఈవెంట్‌లోనే ఉంది, తర్వాత వెళ్లి అడిగితే షీట్ చెప్పలేదు. అలాంటప్పుడు షీట్ పక్కన ఒక దాచిన నకలు ఉంచి, రెంటినీ పోల్చి తేడా రాయడం నేను సూచించే మార్గం. బరువైనదే. మధ్యలో రెండుసార్లు మారితే మొదటిది దొరకదు కూడా. ప్రతి మార్పూ చట్టపరంగా నిలబడాల్సిన చోట ఆ డేటాను షీట్‌లోనే ఉంచకూడదు, డేటాబేస్‌కు మార్చాలి.

కొత్తగా వచ్చిన ప్లాట్‌ఫామ్‌లు కూడా ఇదే దిక్కుకు కదిలాయి. ఆఫీస్ జావాస్క్రిప్ట్‌లో వర్క్‌షీట్ ఆన్‌ఛేంజ్డ్ జరిగిపోయాకే చెబుతుంది, క్యాన్సిల్ లేదు. మార్పు ఇక్కడిదా, కలిసి ఎడిట్ చేస్తున్న మరొకరిదా అన్నది సోర్స్ అనే విలువలో ఉంటుంది. దాన్ని చూడకపోతే ఇద్దరి దగ్గరా నడుస్తున్న మన యాడ్-ఇన్ ఒకే మార్పుకు రెండుసార్లు స్పందిస్తుంది. గూగుల్ షీట్స్‌లో స్క్రిప్ట్ చేసిన మార్పులకు ఆన్‌ఎడిట్ అసలు లేవదు, మామూలు ట్రిగ్గర్‌కు 30 సెకన్ల గడువు. లిబ్రేఆఫీస్ మాత్రం మూసివేతను ఆపే హక్కు ఉంచింది, క్లోజ్‌వీటోఎక్సెప్షన్ విసిరి వద్దనవచ్చు.

మూసేటప్పుడు

వర్డ్‌కూ అవుట్‌లుక్‌కూ క్విట్ ఈవెంట్ ఉంది, ఎక్సెల్‌కు లేదు. వాడుకరి ఎక్సెల్ మూసేస్తున్నాడని బయటి కోడ్‌కు నేరుగా తెలియదు. మన సింక్, మన రిఫరెన్స్‌లు పట్టుకుని ఉంటే విండో మాయమైనా ప్రాసెస్ టాస్క్ మేనేజర్‌లో వేలాడుతూ ఉండవచ్చు. వర్క్‌బుక్‌బిఫోర్‌క్లోజ్ వచ్చాక ఒకటి రెండు సెకన్లు ఆగి, వర్క్‌బుక్స్ కౌంట్ సున్నా అయిందో, అప్లికేషన్ విజిబుల్ ఫాల్స్ అయిందో అడిగి చూడాలి. అలా అయి ఉంటే ముందు సింక్ విప్పాలి, తర్వాత షీట్, వర్క్‌బుక్ రిఫరెన్స్‌లు, చివరికి అప్లికేషన్. మనం అడిగేలోపే ప్రాసెస్ పోతే -2147023174 వస్తుంది, సర్వర్ అందుబాటులో లేదని అర్థం. ఆ ఎర్రర్‌కు మళ్లీ ప్రయత్నించకండి. క్యూలో మిగిలిన అడ్రస్‌లను పారేయండి, వాటిని ఫైల్లో దాచి లాభం లేదు, రేపటికి ఆ వరుసలు అక్కడ ఉండకపోవచ్చు. రేపు ఆ వర్క్‌బుక్ తెరుచుకోగానే "స్టేటస్ పూర్తి, తేదీ ఖాళీ" అని వెతికే ఆ ఫంక్షన్‌నే మొదట పిలవండి.